లెనోర్ లేచి చెప్పిన మాట

పక్కింటి పసీటా పొగబెట్టిన సాల్మన్ చేప ముక్కలు ఇవ్వడానికి వచ్చి, గిన్నెతో పాటు నోరూ ఖాళీ చేసి పోయింది. రేవులో ఎవరో అన్నారట, టోర్ కొత్తగా కొన్న మూడో పడవకి పెళ్లాం పేరు పెట్టాడట. 'లెనోర్' అని ఇంతింత ఎర్రక్షరాల్లో రాయించాడట.

మారిట్ చేప ముక్క నోట్లో పెట్టుకుంది గానీ రుచి తెలియలేదు. ఒకప్పుడు టోర్ తన మొదటి పడవకి పెడతానన్న పేరు మారిట్‌ది. పెళ్లాడతానని వేలికి ఉంగరం కూడా తొడిగాడు. ఇంతలో లెనోర్ ఊళ్లోకి దిగింది. అతన్ని పట్టుకుంది, ఆపైన ఓట్లు పట్టుకుంది, ఇప్పుడు రాజధాని జూనోలో శాసనసభలో కూర్చుంది. ఇక పడవ మీదకీ ఎక్కింది.

మారిట్ ఊరి పత్రికలో విలేఖరి. శాసనసభ్యులకు ఏ ఆస్తులున్నాయి, వాళ్ల ఓట్లు ఎవరి జేబులోకి పోతున్నాయి అని ఆరా తియ్యడం ఆమె పని. పోయిన వారం పడవలవాళ్లు కట్టే చేపల పన్ను తగ్గించే బిల్లుకు లెనోర్ సరేనని ఓటేసింది. మొగుడివి మూడు పడవలు. ఇంకేం కావాలి? మధ్యాహ్నానికల్లా వార్త రాసి ఎడిటర్ హాల్ బల్లమీద పెట్టింది. రేపు మొదటి పేజీలో పడితే, వచ్చే ఎన్నికల్లో లెనోర్ ఇంటికే.

హాల్ చదివి, ఓటుకు ముందు ఆవిడ లేవలేదా అని అడిగాడు.

లేచింది. ఆ వేళ మారిట్ సభలోనే ఉంది, కళ్లారా చూసింది. బిల్లులో సొంత లాభం ఉన్నవాళ్లు లేచి ఆ సంగతి చెప్పి, ఓటు నుంచి తప్పించమని అడగడం అక్కడి రివాజు. అలా తప్పించడానికి ఒక్కరు అభ్యంతరం అంటే చాలు, ఓటు వెయ్యాల్సిందే. ఎవడో ఒకడు అలవాటు కొద్దీ అననే అంటాడు. లెనోర్ కూడా మూడు పడవల సంగతి చెప్పి కూర్చోబోతుంటే, వెనక వరసలోంచి ఎవరో ఆ మాట అననే అన్నారు.

"మరి అది ఇందులో ఏదీ?" అన్నాడు హాల్.

"అదంతా నాటకం హాల్. వదలరని తెలిసే అడుగుతారు. లాభం ఇంటికి చేరిందా లేదా?"

"చేరింది. అదీ రాయి, ఇదీ రాయి."

"ఏంటి, ఆవిణ్ణి తెగ వెనకేసుకొస్తున్నావు? నీకూ చేపలు పంపిస్తోందా?"

పక్క బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగిపోయింది. హాల్ కళ్లజోడు తీసి కాగితాల మీద పెట్టాడు.

"తన పడవల సంగతి లెనోర్ సభలో తనే లేచి చెప్పింది. నీ ఉంగరం సంగతి మాత్రం నాకు పసీటా చెప్పాల్సొచ్చింది."