నీలం పెన్నుతో దిద్దిన కొండ

మా నాన్న చెల్లెల్ని మేమంతా కొండత్త అంటాం. పెళ్లి చేసుకోమంటే కొండెక్కింది, ఉద్యోగం చూసుకోమంటే దిగొచ్చి పుస్తకం రాసింది. "మీ ఆడపడుచు ఏం చేస్తుంటుంది?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "టూర్ల మీద ఉంటుంది" అని మాట మార్చేది.

ఈసారి కొండత్త కాలు విరగ్గొట్టుకుని దిగింది. రెండు నెలలుగా కట్టుతో మా ముందుగదిలోనే మంచం. సోమవారానికల్లా పబ్లిషరుకి పుస్తకం ఇవ్వాలి. కొండలకి వెనకాడదు గానీ, రాయడానికి కూర్చోవాలంటే ఆవిడకి ఆఖరి రెండు రోజులు రావాలి. ఆధారమంతా కొండ మీద రాసుకున్న ఒక్క నోట్‌బుక్. ఆ చలికి పెన్నులో సిరా గడ్డకడుతుంది కాబట్టి అంతా పెన్సిలే.

శనివారం పొద్దున్న నేను టైపు చేయడానికి కూర్చున్నాను. అమ్మ బీరువాలోంచి నోట్‌బుక్ తీసిచ్చింది. తెరిస్తే అక్షరాలన్నీ నీలం.

"వదినా, ఇదేంటి?" అంటూ కొండత్త నా చేతిలోంచి లాక్కుంది.

"పెన్సిలు చెరిగిపోతోందమ్మాయ్. రోజూ మధ్యాహ్నం కాసేపు పెన్నుతో దిద్దాను," అంది అమ్మ బట్టలు మడతపెడుతూ.

కొండత్త చదివింది. "'రోజూ వేడినీళ్లతో స్నానం చేశాను.' పదకొండు రోజులు ఒంటిమీద నీళ్లు పడలేదు వదినా!"

"అది పుస్తకంలో వేస్తారా ఎవరైనా? నలుగురూ చదివేది!"

"'గుడారంలో ముగ్గురు అన్నయ్యల పక్కన పడుకున్నాను.' నాతో ఎక్కినవాళ్లు ఎప్పుడు అన్నయ్యలయ్యారు?"

"అయ్యారు," అంది అమ్మ.

కొండత్త మొహం ఎర్రబడింది. విసిరేస్తుందేమోనని నేను లాప్‌టాప్ పక్కకి జరిపాను. ఆవిడ విసురుగా పేజీలు తిప్పింది. చివరి నాలుగూ తెల్లగా ఉన్నాయి. సంచిలో ఒరుసుకుని ఒక్క అక్షరం మిగల్లేదు.

"అవి నేను చూసేసరికే పోయాయమ్మాయ్," అంది అమ్మ, తనే పోగొట్టినట్టు.

కొండత్త మెల్లగా వెనక్కి తిప్పి ఒకచోట ఆగింది. శిఖరానికి గంట ముందు భయమేసి ఏడ్చానని రాసుకుందక్కడ. అమ్మ ఒక్క ముక్క మార్చలేదు. పక్కన మాత్రం సన్నగా "మాకు ఫోన్ చేయాల్సింది" అని ఉంది.

"అక్కడ సిగ్నల్ ఉండదు వదినా."

"ఉన్నచోటి నుంచైనా చేశావా?"

చేయలేదు. కొండత్త ముక్కు తుడుచుకుంది. "నువ్వు దిద్దకపోతే ఈ పుస్తకమే లేదు వదినా." నా వైపు తిరిగింది. "స్నానం తీసెయ్‌రా. అన్నయ్యల్ని ఉంచు, అలాగే చూసుకున్నారు. ఫోన్ మాట కూడా ఉంచు."

పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో "దిద్దిన వదినకి" అని వేయించింది కొండత్త. అమ్మ ఇరవై కాపీలు కొని, "మా ఆడపడుచు కొండలెక్కుతుంది, పుస్తకాలు రాస్తుంది" అని చెప్పి మరీ బంధువులకి పంచింది. ఇరవైలోనూ ముప్పైనాలుగో పేజీలో, నీలం పెన్నుతో, కొండత్త రోజూ వేడినీళ్లతో స్నానం చేసింది.