ఎక్కడి చేయి అక్కడే

నాకున్నది ఒకే కన్ను. రెండోది ఎలా పోయిందని అడిగినవాళ్లకి తలా ఒక కథ చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్నాయనకి చిరుతపులి పంజా విసిరిందన్నాను. బ్యాంకు గుమాస్తాకి తోకచుక్క తునక తగిలిందన్నాను. కళ్ల డాక్టరమ్మ అడిగినప్పుడు మాత్రం మా ఆవిడ పక్కనే ఉంది కాబట్టి నిజం చెప్పాల్సి వచ్చింది. చిన్నప్పుడు పరుగెత్తుతూ వెళ్లి తలుపు గొళ్లానికి గుద్దుకున్నాను, అంతే. నిజంలో రుచి తక్కువ.

ఇప్పుడు ఆ మిగిలిన కంటికే శుక్లం వచ్చింది. ఎదురుగా ఉన్నది మనిషో గుంజో పలకరిస్తే గానీ తెలియదు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందంది డాక్టరమ్మ. వికటిస్తే? మారుగా ఇంకొకటి లేదు. మొదటిసారి తారీఖు ఇచ్చినప్పుడు నాకు దగ్గు వచ్చింది. రెండోసారి మా ఆవిడకి దగ్గని చెప్పాను. ఆవిడ నా పక్కన నిలబడి మాటవరసకైనా ఒక్క దగ్గు దగ్గలేదు.

మూడోసారి డాక్టరమ్మ తారీఖు మాట ఎత్తలేదు. "ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో మేం నలుగురం డాక్టర్లం ఫిడేళ్ల కచేరీ చేస్తున్నాం తాతగారూ. మామ్మగారిని తీసుకుని రండి" అంది.

"వెళ్దాం" అన్నాను ఇంటికొచ్చాక. "ఫిడేలు వాయించేటప్పుడు ఆవిడ చేతులు చూసొద్దాం. ఏమాత్రం వణికినా సరే, ఇక నా దగ్గర కత్తి మాట ఎత్తకూడదు."

"ఏ కంటితో చూస్తారు?" అంది మా ఆవిడ.

పుస్తకాల బీరువాలు గోడల వారగా జరిపి కుర్చీలు వేశారు. మేం ముందు వరసలో కూర్చున్నాం. నాకు నాలుగు మసక ముద్దలు కనిపించాయి. మా ఆవిడ చెవిలో చెప్పుకొచ్చింది. "ఈ చివర మన డాక్టరమ్మ. పక్కన పిల్లల డాక్టరు, ఆయనదీ ఫిడేలే. తర్వాత మత్తు డాక్టరు, అదీ ఫిడేలు లాంటిదే గానీ కాస్త పెద్దది. ఆ చివర ఎముకల డాక్టరు. మనిషంత వాయిద్యాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు."

"దాని కాలు విరిగిందేమో."

"ఊరుకోండి."

"మత్తు డాక్టరు వాయిస్తే ఇక మెలకువగా ఉండేదెవరే?"

"మీరు నోరు మూసుకుంటే అందరూ ఉంటారు."

ముందు నిలబడి కర్ర ఊపే పెద్దమనిషి ఎవరూ లేరు. మరి నలుగురూ ఒకేసారి ఎలా మొదలుపెడతారా అనుకుంటున్నాను. అప్పుడు డాక్టరమ్మ ముక్కుతో ఊపిరి పీల్చడం వినిపించింది. చిన్న ఊపిరి, పువ్వు వాసన చూసినట్టు. దాని కొస పట్టుకుని నాలుగు వాయిద్యాలూ ఒక్కసారి పలికాయి.

ఆ సంగీతం నాకు తెలియదు. మా ఊరి బళ్లో పాడించింది ఎక్కాలే. అయినా వింటుంటే పరిచయమున్న వ్యవహారం లాగే తోచింది. ఒకరు ఒక మాట అంటున్నారు. రెండోవారు దాన్నే తిప్పి అంటున్నారు. మూడోవారు అంతేనా అని అడుగుతున్నారు. కింద నుంచి ఆ పెద్ద వాయిద్యం ఊఁ, ఊఁ అంటోంది. నేను అరుగు మీద పులి కథ చెబుతుంటే చుట్టూ చేరినవాళ్లు ఇలాగే ఊఁ కొట్టేవాళ్లు.

రెండో పాట నెమ్మదిగా సాగేది. కొంత దూరం బాగానే నడిచింది. తర్వాత ఎక్కడో ఒక గొంతు తొందరపడింది. ఇంకొకటి దాని కాలు తొక్కింది. నాలాంటివాడికి అదీ సంగీతమేనేమో అనిపించేంత చిన్న తడబాటు.

"ఆపండి" అంది డాక్టరమ్మ.

గట్టిగా కూడా అనలేదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. పైన ఫ్యాను టకటకలాడటం వినిపించింది.

"వాయించే కమాన్లు నాలుగూ గాల్లో నిలబడ్డాయండీ" అంది మా ఆవిడ గుసగుసగా. "ఒక్కటీ కదలట్లేదు."

"తప్పింది నేనే. మళ్లీ మొదటి నుంచి" అంది డాక్టరమ్మ. అదే చిన్న ఊపిరి. పాట మళ్లీ బయల్దేరింది.

నేను మా ఆవిడ వైపు వంగాను. "విన్నావా? తప్పిందట. రేపు నా కంట్లోనూ ఇలాగే తప్పుతుంది. పద పోదాం."

"అయ్యేదాకా కూర్చోండి" అని మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది. అయ్యేదాకా వదల్లేదు.

చప్పట్లయ్యాక వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లాం. ఎముకల డాక్టరు నవ్వుతున్నాడు. "అసలైన వాద్యగాళ్లయితే ఏమీ జరగనట్టు సర్దుకుని పోయేవాళ్లు మేడమ్. మీరు ఆపండి అన్నారు, మేం బుద్ధిగా చేతులెత్తేశాం."

"అలవాటు" అన్నాడు మత్తు డాక్టరు. "ఆపరేషన్ థియేటర్లో ఆ మాట వినపడితే ఎక్కడి చేయి అక్కడే ఆగిపోవాలి."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "మీరు ఆపకుండా లాగేస్తే మాకెవరికీ తెలిసేది కాదు కదా డాక్టరమ్మా."

"నాకు తెలిసేది."

"నా కన్ను కోసేటప్పుడు కూడా తప్పుతారా?"

ఆవిడ నవ్వలేదు. ఫిడేలు పెట్టె మూత టక్కున పడింది. "తప్పేట్టుంటే ఆపుతాను తాతగారూ. చేయి తీసి, ఆలోచించి, మళ్లీ మొదలుపెడతాను. అసలు తప్పనే తప్పను అనే డాక్టరు దొరికితే ఆయన దగ్గరికే వెళ్లండి. నేనేమీ అనుకోను."

దారిలో నేను ఒక్క కథా చెప్పలేదు. మా ఆవిడ కంగారుపడి నా నుదురు పట్టుకుని చూసింది. నా ఆలోచన వేరే ఉంది. కథ దారి తప్పితే ఇంకో పులిని తెచ్చి కలిపేసి ముందుకు తోలడమే ఇన్నాళ్లూ నాకు చేతనైన విద్య. ఇంతమంది ముందు ఆపి, తప్పింది నేనేనని చెప్పి, వెనక్కి వెళ్లిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఆ మాటకొస్తే ఆ రోజూ చూడలేదు, విన్నాను.

మర్నాడు తారీఖు నేనే అడిగాను.

బల్ల మీద పడుకోబెట్టి, చుక్కలు వేసి, మొహం మీద గుడ్డ కప్పి, కంటి దగ్గర మాత్రం కన్నం వదిలారు. తల దగ్గర మత్తు డాక్టరు గొంతు. "మెలకువగానే ఉంటారు తాతగారూ. కదలకూడదు, మాట్లాడకూడదు."

"రెండోదే కష్టం" అన్నాను.

చిన్న ఊపిరి వినిపించింది. ఏదో యంత్రం సన్నగా జుమ్మంది. నేను ఆ జుమ్మనే శబ్దం వెంటే నడుస్తూ పోయాను. కొంతసేపటికి డాక్టరమ్మ అంది.

"ఆపండి."

యంత్రం ఆగింది. లేచి పరుగెత్తమన్నాయి కాళ్లు. ఏమైందని అరవబోయింది నోరు. మెడ దానంతటదే పైకి లేవబోయింది. కంటి మీద పడే దీపం వెలుగులో నాకు గాల్లో నిలబడ్డ నాలుగు కమాన్లు కనిపించాయి, హాల్లో కనిపించనివి. ఎక్కడి చేయి అక్కడే. ఆ వరుస చివర నాకూ ఒక కుర్చీ వేశారనుకుని, తల ఎక్కడుందో అక్కడే ఉంచాను. ఆ చిన్న ఊపిరి కోసం ఎదురుచూశాను.

వచ్చింది. యంత్రం మళ్లీ పలికింది, ముందుకంటే నెమ్మదిగా.

మర్నాడు ఉదయం కట్టు విప్పుతూ డాక్టరమ్మ చెప్పింది. "లోపలి పొర అనుకున్నదానికంటే పల్చగా ఉంది. నేను ఆపినప్పుడు మీరు కాస్త కదిలినా చిరిగిపోయేది. ఆ మాట వింటే ఎవరైనా ఉలిక్కిపడతారు. మీరెలా ఉండగలిగారు?"

"మీ కచేరీలో నేర్చుకున్నాను."

ఆవిడ చేయి ఎత్తి నా ముందు పెట్టింది. "ఎన్ని వేళ్లు?"

మూడు. తీగల మీద నొక్కి నొక్కి వేలికొసలు కాయలు కాసి ఉన్నాయి. ఆ మూడు వేళ్లూ సన్నగా వణుకుతున్నాయి. ఉన్న ఒక్క కన్నూ ఏమవుతుందోనని రాత్రంతా నేనొక్కణ్ణే భయపడ్డాననుకున్నాను.

"మూడు" అన్నాను.

ఆవిడ మొహం తిప్పుకుని చాలాసేపు చేతులు కడుక్కుంది.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే మా ఆవిడ అడిగింది. "ఇప్పుడైనా చూశారా చేతులు?"

"చూశాను. భూకంపం వచ్చి ఊరు ఊరంతా ఊగినా ఆ చేయి ఇసుమంతైనా కదలదే."

మా ఆవిడకి రెండు కళ్లూ ఉన్నాయి. రెండూ శుభ్రంగా పనిచేస్తాయి. కట్టు విప్పినప్పుడు ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది.

"ఊఁ" అంది.