మూడో జంట

రాధారాణి పోయిన పదకొండో వారం, గురువారం సాయంత్రం, డాక్టర్ దత్తాత్రేయగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అమెరికాలోని ప్లేనో ఊళ్ళో, చర్చి హాల్లో స్క్వేర్ డాన్స్‌కి వెళ్ళారు. భార్య పోయి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే డాన్సేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నారు. అడిగినవాళ్ళు లేరు. ఆ ఊళ్ళో మనుషులు గరాజ్‌లో కారెక్కి గరాజ్‌లోనే దిగుతారు కాబట్టి, ఎవరింట్లో ఎవరు తగ్గారో పక్కింటికి తెలియడానికే ఆరు నెలలు పడుతుంది.

ఆయన వెళ్ళకపోతే మిగతావాళ్ళు ఆడలేరు. స్క్వేర్ డాన్స్‌కి ఎనిమిది మంది కావాలి. నాలుగు జంటలు నాలుగు వైపులా నిలబడతాయి. మైకు దగ్గర కాలర్ అనే ఆయన పాటలా సాగదీస్తూ ఒక్కొక్క ఆజ్ఞే ఇస్తాడు. అతను చెప్పినట్టల్లా ఎనిమిది మందీ చేతులు మార్చుకుంటూ, చోట్లు మార్చుకుంటూ తిరిగి, చివరికి ఎవరి జంటతో వాళ్ళు సొంత చోటికి చేరుకోవాలి. తర్వాత ఏం చెప్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. ఒక్కరు దారి తప్పితే ఎనిమిది మందీ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని ఆగిపోతారు. ఒకప్పుడు ఆ క్లబ్బులో వందమంది ఉండేవాళ్ళు. మోకాళ్ళు కొందరిని, తుంటి ఎముకలు కొందరిని, శ్మశానం చాలామందిని తీసుకోగా ఈ జనవరికి సరిగ్గా ఎనిమిది మంది తేలారు. ఫిబ్రవరిలో ఏడుగురయ్యారు.

ఎనిమిదో మనిషిగా కాలర్ వాల్ట్ భార్య మార్జ్ లేచి వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ. కొన్నేళ్ళుగా ఆడటం మానేసి తలుపు దగ్గర కాఫీ, బిస్కట్లు చూసుకుంటోంది. మూడో జంటలో, దత్తాత్రేయగారి కుడి పక్కన, రాధారాణి ముప్ఫై ఐదేళ్ళు నిలబడ్డ చోట నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను ఆవిడ్ని కాను, కానీ ఉన్నాను కదా అంది ఇంగ్లీషులో.

పాట మొదలైన నిమిషానికే చతురస్రం విరిగింది. రెండోసారి ఇంకా తొందరగా విరిగింది. మూడోసారి దత్తాత్రేయగారు ఎవరో చెయ్యందిస్తారని గబగబా తిరిగితే ఎదురుగా కాఫీ బల్ల ఉంది. ఆ సాయంత్రం మొత్తం మీద ఐదుసార్లు విరిగింది. ఐదుసార్లూ తప్పు మార్జ్‌దేనని ఆయనకి స్పష్టంగా కనబడింది.

ఆయనకి కనబడక ఇంకెవరికి కనబడుతుంది? ఆపరేషన్ బల్ల మీద మనుషులకి మత్తిచ్చే పనిలో నలభై ఏళ్ళు గడిపారు. తోటి ఎముకల డాక్టరొకాయన తీసుకెళ్తే ఈ డాన్స్‌లో చేరారు. రాధారాణికి ఇష్టం లేదు. గొడుగులా పొంగే పావడాలు వేసుకుని పరాయి మగవాళ్ళ చేతులు పట్టుకోవడమేమిటని నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే రెండు వెంకటగిరి చీరలు కత్తిరించి ఆ గౌన్లు కుట్టుకుంది, మిగిలిన గుడ్డతో ఆయనకి చొక్కాలు కూడా. క్లబ్బుకి ఆయన ఆరేళ్ళు ప్రెసిడెంట్‌గా ఉన్నారు. కొత్తగా చేరిన జంటలకి పాఠాలు చెప్పారు. ఆడవాళ్ళకి పెద్ద కష్టమేమీ లేదు, మగవాడు తీసుకెళ్తాడు, మీరు వెంట వెళ్ళడమే అనేవారు. తెలుగువాళ్ళ విందుల్లో ఎవరైనా అడిగితే, మా రాధకి కుడి ఎడమలు తెలియవండీ, నేనే లాక్కెళ్తుంటాను అని నవ్వేవారు. ఆవిడ అప్పుడు ఎవరికో పెరుగు వడ్డిస్తూ ఉండేది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఆవిడ చేసిన తప్పులు వరసపెట్టి చెప్పేవారు. ఫలానా చోట చోటు వదిలేశావు, ఫలానా చోట ఆలస్యంగా వచ్చావు. ఆవిడ అవునండీ అనేది. వచ్చేవారం జాగ్రత్తగా ఉండు అంటే, అలాగేనండీ అనేది.

నాలుగు గురువారాలు అలాగే విరిగాయి. ఐదో గురువారం వాల్ట్ మైకు కట్టేసి, కుర్చీలో కూర్చుని, విషయం చెప్పాడు. జూన్ నెలలో వృద్ధులుండే హోమ్‌లో ఏటా ఆడే కార్యక్రమం ఉంది. పాత క్లబ్బువాళ్ళు పదిమంది అక్కడే చక్రాల కుర్చీల్లో ఉన్నారు. ఆ రోజు ఒక్క పాటైనా విరక్కుండా చివరికంటా వెళ్ళకపోతే క్లబ్బు మూసేస్తానన్నాడు. ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. చూడకపోవడం వల్లే ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది, దత్తాత్రేయగారికి తప్ప.

ఆయనకి వారంలో మిగిలింది ఆ గురువారం ఒక్కటే. మిగతా ఆరు రోజులూ టీవీ, మందుల డబ్బా, జెర్సీ సిటీ నించి కూతురు స్పందన చేసే ఫోను. అందుకని శనివారం గౌరి కూరలు తీసుకొచ్చినప్పుడు ఆ మాట ఎత్తారు. గౌరి రాధారాణి స్నేహితురాలు. పదకొండేళ్ళ కిందట రాధారాణే ఆవిడనీ, ఆవిడ భర్త చక్రధర్‌నీ క్లబ్బులో చేర్పించింది. ఆ చతురస్రంలో గౌరి చోటు ఎప్పుడూ దత్తాత్రేయగారికి ఎడమ పక్కన.

"మార్జ్‌కి ఫాలో అవడం రాదమ్మా. వేరే ఎవరినైనా చూడమని వాల్ట్‌కి నువ్వే నెమ్మదిగా చెప్పు. నేను చెప్తే బాగుండదు."

గౌరి గిన్నెలు ఫ్రిజ్‌లో సర్దుతూ వెనక్కి తిరగలేదు. "మార్జ్ యాభై ఏళ్ళు ఆడింది అన్నయ్యగారూ. వాళ్ళాయనకి కాలింగ్ నేర్పిందే ఆవిడ."

"మరి తప్పెవరిది?"

గౌరి బీరకాయ కూర పైఅరలో పెట్టి, మళ్ళీ తీసి, కింద అరలో పెట్టింది.

"మీదే."

ఆయన నవ్వారు. గౌరి నవ్వలేదు. ఇంక దాచి లాభం లేదనుకుందేమో, నిలబడే చెప్పేసింది. రాధారాణి ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడల్లా బొటనవేలితో నొక్కేది. ఒకసారి నొక్కితే లోపలికి, రెండుసార్లు నొక్కితే బయటికి. చెయ్యి వదిలి దూరంగా ఉన్నప్పుడు గడ్డం ఎటు తిప్పితే అటు. ఆ చివర ఆవిడ ఉంటే ఈ చివర గౌరి మోచేత్తో తోసేది. అది కూడా రాధారాణి అప్పగించిన పనే.

"పదకొండేళ్ళు తోశాను. గౌరి ఆట కాస్త దూకుడు అనేవారు మీరు."

"ఇప్పుడు తొయ్యడం లేదా?"

"తోస్తున్నాను. ఒక్క పక్కనించే తోస్తే మనిషి పక్కకి పడతాడు గానీ తిరగడు కదా."

"వాల్ట్‌కి తెలుసా?"

"అందరికీ తెలుసు. మా ఆయనకి ఏదీ తెలియదు కదా, ఆయనక్కూడా తెలుసు."

అందరూ కలిసి తన దగ్గర ఎందుకు దాచారని ఆయన అడిగారు. గౌరి చేతులు తుడుచుకుంది. "వదిన చెప్పనిచ్చేది కాదు. వారానికో సాయంత్రం తను గొప్పగా ఆడాననుకుంటే ఆయనకి నిద్ర బాగా పడుతుంది గౌరీ, మనకి పోయేదేముంది, బొటనవేలే కదా అనేది."

ఆయన నమ్మలేదు. రుజువు లేనిదే దేన్నీ నమ్మే మనిషి కాదు. ఎనిమిదేళ్ళ కిందట స్పందన తీసిన వీడియో ఒకటి ఫోన్లో ఉంది. దాన్ని ఆయనే బంధువులందరికీ, కొందరికి రెండేసిసార్లు, పంపించారు. గౌరి వెళ్ళాక సోఫాలో కూర్చుని పెట్టారు. ఇన్నాళ్ళూ ఆ వీడియోలో ఆయన తనని చూసుకున్నారు. ఈసారి ఆవిడని చూశారు. ప్రతి ఆజ్ఞకీ ఆవిడ గడ్డం ముందు తిరుగుతోంది, ఆయన తర్వాత తిరుగుతున్నారు. ఒకచోట ఆయన కెమెరా వైపు చూసి చెయ్యూపుతూ తప్పు వైపు నడిచారు. ఆవిడ తన చోటు వదిలేసి, రెండంగల్లో వచ్చి, భుజం మీద చెయ్యి వేసి ఆయన్ని తిప్పి, వెనక్కి పరిగెత్తింది. చేరేసరికి ఒక క్షణం ఆలస్యమైంది. వీడియోలో ఆయన ఆవిడ వైపు చూపుడువేలు ఆడించారు. ఆ రాత్రి కార్లో ఏమన్నారో ఆయనకి గుర్తుంది. బీరకాయ కూర ఆ పూటకి ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

సోమవారం నించి చదువు మొదలుపెట్టారు. ఇంటర్నెట్‌లో ఆజ్ఞలన్నీ అచ్చు తీసి బోర్డు పరీక్షలకి చదివినట్టు చదివారు. భోజనాల బల్ల మీద ఎనిమిది స్టీలు గ్లాసులు పెట్టి తిప్పారు. గ్లాసులు చక్కగా ఆడాయి. ఏ ఆజ్ఞకి అర్థమేమిటని అడిగితే వాల్ట్ కంటే బాగా చెప్పగలరు. కానీ హాల్లో వాల్ట్ నోరు తెరవగానే, ఆ అర్థం మెదడులోంచి కాళ్ళకి దిగేలోపల తర్వాతి ఆజ్ఞ వచ్చేసేది. బొటనవేలి పద్ధతి గౌరి మార్జ్‌కి నేర్పింది. మార్జ్ వేళ్ళకి కీళ్ళవాతం. నొక్కిన ప్రతిసారీ నొప్పికి ఆవిడ మొహమే ముడుచుకునేది, ఆయన ఆ మొహం చూసి ఆగిపోయేవారు. అయినా ఆఖరి గురువారం ఒక పాట ముక్కాలు దాకా వెళ్ళింది. చక్రధర్ వచ్చి చెయ్యి కలిపి, డాక్టర్‌గారూ, ఫుల్ రికవరీ అన్నాడు. ఆయన ఆ రాత్రి కొంచెం అన్నం తిన్నారు.

హోమ్‌లో భోజనాల హాలు ఖాళీ చేసి గోడల వెంట చక్రాల కుర్చీలు పెట్టారు. ఆయన వెంకటగిరి చొక్కా వేసుకున్నారు. పొట్ట దగ్గర గుండీలు అందక లోపల బనీను కనబడుతోంది. పాత క్లబ్బువాళ్ళలో కొందరు గుర్తుపట్టారు. ఒకావిడ రాధా ఏదని అడిగింది. చెప్పారు. ఇంకాసేపటికి మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పారు.

మొదటి పాట నాలుగో ఆజ్ఞ దగ్గర విరిగింది. వాల్ట్ నవ్వుతూ, వార్మప్ అని మైకులో చెప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆయన మార్జ్ చేతిని గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ నొక్కింది. ఒకసారా రెండుసార్లా అని లెక్కపెట్టుకునేలోపల గౌరి మోచెయ్యి తగిలింది, ఆయన వెళ్ళి ఎదురు జంట మధ్యలో నిలబడ్డారు. మూడోసారి సగం దాకా వెళ్ళి విరిగినప్పుడు సంగీతం ఆగింది. కుర్చీల్లోవాళ్ళు ఓపికగా చూస్తున్నారు. వాళ్ళకి వేరే పనేమీ లేదు. వాల్ట్ మైకు స్విచ్ మీద చెయ్యి వేసి మార్జ్ వైపు చూశాడు. మార్జ్ తన వేళ్ళు నిమురుకుంటోంది.

దత్తాత్రేయగారు చతురస్రంలోంచి బయటికి నడిచారు.

మనుషులు తక్కువైనప్పుడు పాత క్లబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. ఒక జంట చోటు ఖాళీగా వదిలేసి, అక్కడ ఇద్దరు మనుషులున్నట్టే మిగతా ఆరుగురూ ఆడతారు. గాలికి చెయ్యందిస్తారు, గాలి దాటేవరకు ఆగుతారు, దాని పక్కనించి తప్పుకుని వెళ్తారు. దాన్ని దయ్యాల జంట అంటారు. ఆడటం కష్టం, కానీ ఈ ఆరుగురూ ముదుర్లు.

"మూడో జంట ఖాళీ వదిలెయ్" అన్నారాయన వాల్ట్‌తో.

"మీరుండగా ఎందుకు డాక్?"

"నేనుండగానే కదా విరుగుతోంది."

గౌరి అన్నయ్యగారూ అని ఏదో అనబోయింది. ఆయన తలూపి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నారు. మార్జ్ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ చెప్పులు విప్పుకున్న తీరు చూస్తే ఎన్ని వారాలుగా అలిసిపోయిందో తెలిసింది.

పాట మొదలైంది. ఆరుగురూ ఖాళీ చుట్టూ తిరిగారు. దత్తాత్రేయగారు తన చోటు ఎక్కడికి వెళ్తోందో పట్టుకుందామని చూశారు. మొదటి ఆజ్ఞకి లోపలికి వెళ్ళింది. రెండో ఆజ్ఞకి ఎడమకి తిరిగింది. మూడో ఆజ్ఞ దగ్గర జారిపోయింది. ఎంత వెతికినా తను ఎక్కడున్నారో తెలియలేదు. అదే రాధారాణి చోటు మాత్రం కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. ఇదిగో ఇక్కడ ఆగుతుంది, ఇక్కడ చక్రధర్ చెయ్యి అందుకుంటుంది, ఇక్కడ పావడా అంచు విసురుగా తిరుగుతుంది, అటు వెళ్ళి ఇటు వస్తుంది. ముప్ఫై ఐదేళ్ళు ఆయన చూసింది ఆ ఒక్క చోటునే. అటు చూస్తూ తను దారి చూపిస్తున్నాననుకున్నారు. ఇప్పుడా చోటులో ఎవరూ లేరు, దాన్ని వదిలి వెళ్ళి తిప్పి తీసుకురావలసిన మనిషి కూడా లేడు. అందుకని అది ఎక్కడా ఆలస్యం కాలేదు.

ఆరుగురూ సొంత చోట్లకి చేరారు. పాట విరక్కుండా అయిపోయింది. కుర్చీల్లోంచి చప్పట్లు ఆలస్యంగా, ఒకటొకటిగా వచ్చాయి. వాల్ట్ క్లబ్బు మూసే మాట ఎత్తకుండా చెమట తుడుచుకున్నాడు.

"బాగా ఆడారు కదా" అంది మార్జ్.

"ఆవిడ బాగా ఆడింది" అన్నారు దత్తాత్రేయగారు. "నేను కనబడలేదు."

మార్జ్ చెప్పుల కోసం కాళ్ళతో తడుముకుని, లేవాలా అన్నట్టు చూసింది. ఆయన వద్దన్నారు. వాల్ట్ రెండో పాట పెట్టాడు. ఈసారి మూడో జంట చోటు ఖాళీగా వదలాలా అని ఎవరినీ అడగలేదు.