ఆరెనిమిది జోడు

మనిషికుండేవి రెండు కాళ్ళు. అలాంటప్పుడు నాలుగు బూట్లకి డబ్బెందుకు కట్టాలి? వంటపెద్ద ఈ ప్రశ్న పెళ్ళికాక ముందు నుంచీ అడుగుతూనే ఉంది. ఏ కొట్టువాడూ నోరు తెరిచి జవాబు చెప్పిన పాపాన పోలేదు. గల్లాపెట్టె మాత్రం తెరుచుకుని కూర్చునేవాడు.

ఆమె కుడికాలు ఆరో నంబరు, ఎడమకాలు ఎనిమిది. పసితనంలో ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ కుడికాలి ఎదుగుదలని కాస్త పట్టుకుపోయింది. నడకలో తేడా ఏమీ లేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో, మనిషి పట్టేంత గిన్నెల మధ్య పొద్దస్తమానం బొంగరంలా తిరిగే మనిషి. తేడా అంతా బూట్ల దగ్గరే వచ్చేది. ఎనిమిదో నంబరు జత కొనుక్కుని, కుడిబూటు ముక్కులో గుడ్డపీలికలు కుక్కుకుని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

పోయిన వారం ఆ పీలికలే కొంప ముంచాయి. మరిగే నీళ్ళ గిన్నెని ఇద్దరు చెరోవైపూ పట్టుకుని దించుతుంటే ఆమె కుడిబూటు కాస్తా ఊడి పక్కకి పోయింది. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. ఎవరి ఒళ్ళూ కాలలేదు, అంతవరకు నయం. చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన క్యాంటీన్ మేనేజరు కళ్ళు మాత్రం సరాసరి బూటులోంచి వేలాడుతున్న పీలిక మీద పడ్డాయి. ఆయన కేకలెయ్యలేదు. సోమవారం పొద్దున కాలికి సరిగ్గా పట్టిన నల్లబూట్లతో వస్తే పొయ్యి దగ్గరికి రానిస్తానన్నాడు. లేకపోతే కంచాలు కడిగే పనికి మారిపొమ్మన్నాడు, అక్కడ రబ్బరు చెప్పులు చాలన్నాడు.

కంచాలు కడగడం తక్కువ పనని ఆమె అనుకోదు. అక్కడినుంచే మొదలుపెట్టి పొయ్యి దాకా వచ్చింది. కానీ ఆ గరిటె చేతికి రావడానికి ఎంతమంది మూతివిరుపులు మింగిందో ఆమెకి తెలుసు. గుప్పెడు పీలికల కోసం దాన్ని వదులుకునే రకం కాదు. కుట్టించుకుందామంటే చెప్పులు కుట్టేవాడు రెండు వారాలు గడువడిగాడు. అందుకని ఆదివారం కోడల్ని వెంటేసుకుని డిస్కౌంటు మార్టుకి బయల్దేరింది.

కోడలు కూడా బేరం మనిషే. అత్త బేరం నోట్లో ఉంటే కోడలి బేరం బొటనవేలి చివర ఉంటుంది. ఫోన్లో నచ్చిన వస్తువుని బుట్టలో పడేసి కొనకుండా కూర్చుంటుంది. ఆ వస్తువు తగ్గింపులు చెప్పుకుంటూ, కూపన్లు పంపుకుంటూ కాళ్ళబేరానికొచ్చేదాకా దానివైపు కన్నెత్తి చూడదు. దారిలో ఆమె ఒక ఉపాయం చెప్పింది. రెండు నంబర్లలో రెండు జతలు తెప్పించి, కావలసినవి ఉంచుకుని, మిగిలినవి సైజు సరిపోలేదని వెనక్కి పంపేస్తే సరి.

"విప్పి చూసినవాడు ఏమనుకుంటాడే?" అంది అత్త.

"మిమ్మల్ని చూసేదెవరు అత్తయ్యా?"

"నేను చూస్తాగా."

కోడలు ఫోను సంచిలో పెట్టేసింది.

ఇప్పుడు మూడంతస్తుల డిస్కౌంటు మార్టు నిలబడ్డ చోటే ఒకప్పుడొక రేకుల షెడ్డు ఉండేది. వెనకాల బూట్ల ఫ్యాక్టరీ. కుట్టు వంకర పోయినవీ, రంగు సరిగ్గా అంటనివీ తెచ్చి శనివారం శనివారం ఆ షెడ్డులో గుట్టగా పోసేవారు. దేని జత దానికి కట్టి ఉండేది కాదు. తెల్లారేసరికి జనం ఆ గుట్ట మీద పడేవాళ్ళు. ఒంటి బూటు ఒకటి చేత్తో పైకెత్తి, దీని తోడు ఎవరికైనా దొరికిందా అని పెళ్ళిళ్ళ పేరయ్యల్లా అరుచుకుంటూ తిరిగేవాళ్ళు. జత కుదిరాక తూకం వేయించుకుని పోవడమే. తూచే ఆయన్ని అందరూ కాటాయన అనేవాళ్ళు. ఆయన కాటాకి నంబర్లతో పనిలేదు, బరువే దాని లెక్క.

వంటపెద్ద వాళ్ళమ్మ చీర కొంగు నడుముకి చుట్టి, కూతురి చెయ్యి పట్టుకుని ఆ గుట్టలోకి ఈతకి దిగినట్టు దిగేది. జనమంతా జత వెతుక్కుంటుంటే తల్లీకూతుళ్ళు మాత్రం కుడికి చిన్నదీ, ఎడమకి పెద్దదీ ఏరుకునేవాళ్ళు. చూసినవాళ్ళు నవ్వితే తల్లి తల కూడా ఎత్తేది కాదు. "నవ్వేవాళ్ళెవరూ మనకి బూట్లు కొనిపెట్టరు. వెతుకు," అనేది.

అలా ఏరుకున్నాక మిగిలిపోయిన బూట్లు, అంటే ఎడమకి చిన్నది, కుడికి పెద్దది, ఎవరికీ అక్కరకి రానివి. తల్లి వాటిని గుట్టలో కలపకుండా గోడ పక్కన పెట్టేది. చిత్రమేమిటంటే మరుసటి శనివారానికి అవి అక్కడ ఉండేవి కావు. ఎవరు పట్టుకుపోతున్నారని అడిగితే కాటాయన మీసాల్లో నవ్వి ఊరుకునేవాడు. ఆమె కాళ్ళు ఎదిగి ఆరూ ఎనిమిదీ దగ్గర ఆగిన ఏడాది, ఒక శనివారం ఆ గోడ దగ్గరే ఒక బస్సు డ్రైవరు కూతురు ఎదురుపడింది. ఆడపిల్లలిద్దరూ ముందు మొహాలు చూసుకోలేదు, కాళ్ళు చూసుకున్నారు. ఆ పిల్లకి కుడికాలు పెద్దది, ఎడమకాలు చిన్నది. అద్దంలో ప్రతిబింబం షెడ్డులోకి నడిచొచ్చినట్టుంది.

కాటాయన అప్పటికప్పుడు పేర్లు పెట్టేశాడు. ఈ పిల్ల ఆరెనిమిది, ఆ పిల్ల ఎనిమిదారు. ఆ తరవాత ఇద్దరూ కలిసే గుట్టలోకి దూకేవాళ్ళు, రెండు జోళ్ళతో కలిసే బయటికొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి ఫ్యాక్టరీ మూతపడింది, షెడ్డు రేకులు పీకేశారు, డ్రైవరుకి బదిలీ అయింది. పిల్లలు ఒకరి చిరునామా ఒకరు రాసుకోవాలన్న ఊహ కూడా లేని వయసు. అక్కడితో సరి.

మార్టు రెండో అంతస్తులో బూట్లు అట్టపెట్టెల్లో కుదురుగా కూర్చున్నాయి. ప్రతి జతనీ ప్లాస్టిక్ తాడుతో కాళ్ళు కట్టేసినట్టు కట్టేశారు. నల్లబూట్ల అరల పక్కన, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బోర్డు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. కోడలు దాన్ని తిప్పి చూసి నాలిక్కరుచుకుంది. పోయిన వారంతో అయిపోయిందట. ఇప్పుడు రెండు జతలు కొంటే వంటపెద్ద సగం జీతం ఆ అరలోనే ఉండిపోతుంది.

వంటపెద్ద అక్కడున్న అమ్మకాలాయన్ని కుడి ఆరు, ఎడమ ఎనిమిది ఇమ్మంది. అతను వేళాకోళమనుకుని నవ్వి, ఆమె నవ్వకపోయేసరికి ఫ్లోరు మేనేజర్ని పిలిచాడు. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. జత విడదీస్తే మిగిలిన రెండూ ఎవరు కొంటారని అడిగాడు.

"కొనే మనిషి ఒకత్తి ఉండేది. ఇప్పుడెక్కడుందో," అంది వంటపెద్ద.

అప్పుడే ఆమె చూపు గోదాము తలుపు వైపు పోయింది. అక్కడొక తోపుడుబండి నిండా పాత సరుకు. గోదాము మనిషి ఒక్కో చెప్పునీ తీసి, కత్తితో నడిమికి కోసి, గోనెసంచిలో పడేస్తున్నాడు. బండి మీద మూతలేని పెట్టెలో కొత్త నల్లబూట్లు రెండున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

ఆమె నాలుగంగల్లో అక్కడికి చేరింది. పెట్టె లాక్కుంది. చిన్నది కుడికాలిది, పెద్దది ఎడమకాలిది. అక్కడే గోడ పట్టుకుని తొడుక్కుంది. ముక్కు దగ్గర వేళ్ళు హాయిగా కదిలాయి, మడమ దగ్గర వేలు కూడా దూరలేదు. పీలికలు లేకుండా రెండు కాళ్ళూ ఒకేసారి నేలని తగలడం చిన్నప్పటి తరవాత మళ్ళీ అదే.

"అవి అమ్మేవి కావమ్మా. పాడైన సరుకు," అన్నాడు వెనకే వచ్చిన మేనేజరు.

"ఎక్కడ పాడయింది, చూపించు."

"రెండూ రెండు సైజులు."

"నా కాళ్ళూ అంతే. అయితే నన్నూ ఈ బండిలో వేస్తావా బాబూ?"

గోదాము మనిషి దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేనేజరు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఇలాంటి జోడుకి మిషన్లో నంబరే లేదు. నంబరు లేందే బిల్లు రాదు, బిల్లు లేందే గేటు దాటదు. అందుకే కోసి పారెయ్యమని పైనుంచి ఆర్డరు. అంత చెప్పి, బూట్లిమ్మన్నట్టు చెయ్యి చాచాడు.

వంటపెద్ద వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. లేసులు బిగించి ఒక ముడి వేసింది, దానిమీద ఇంకో ముడి వేసింది.

"కొయ్యాలంటే కాళ్ళతో సహా కొయ్యమను," అంది.

గోదాము మనిషి కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన టీ వేళయిందని ఎవరికో చెప్పినట్టు చెప్పి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. జనం మూగారు. ఒకళ్ళిద్దరు ఫోన్లు పైకెత్తారు. మామూలుగా అయితే అత్త ఎక్కడైనా గొంతు పెంచగానే కోడలు పక్క వరసలో సబ్బులు చూడ్డానికి పోతుంది. ఇవాళ కూడా రెండడుగులు వేసింది. తరవాత వెనక్కొచ్చి అత్త పక్కన బెంచీ మీద కూర్చుంది.

ఫోన్లు చూసి మేనేజరు మెత్తబడ్డాడు. వంగి, గొంతు తగ్గించి, పోనీ ఊరికే తీసుకుపొమ్మన్నాడు. వెనక గేటు నుంచి తనే పంపిస్తానన్నాడు.

"ఊరికే ఎందుకు?" అంది వంటపెద్ద, అందరికీ వినబడేట్టు. "దానం పట్టడానికి రాలేదు, బేరానికొచ్చాను. బిల్లు కట్టి ముందు గేటు నుంచే పోతాను."

"ఏ నంబరు మీద బిల్లెయ్యనమ్మా?"

మేనేజరు మళ్ళీ బూట్లవైపు చూశాడు. అప్పుడు కోడలు అంది.

"అత్తయ్యా, కింద కూరగాయల దగ్గర కాటా ఉంది కదా."

షెడ్డు కథ ఇంట్లో ఎన్నిసార్లు విని విసుక్కుందో ఆ కోడలికే తెలియాలి. ఇన్నాళ్ళకి అది అక్కరకొచ్చింది. అత్త కోడలి మొహంకేసి ఒకసారి చూసి, ముడులు విప్పి, బూట్లు ఆమె చేతుల్లో పెట్టింది. మధ్యలో ఎవరికీ ఇవ్వొద్దని మాత్రం చెప్పింది. వెనకాల జనం, ఆ వెనక మేనేజరు, అందరికంటే వెనక టీకి పోవలసిన గోదాము మనిషి, అంతా ఊరేగింపులా మెట్లు దిగారు.

కాటా దగ్గరున్న పిల్ల బూట్లు చూసింది, మిషన్ మీద బొమ్మలు చూసింది. బంగాళాదుంప, టమాటా, వంకాయ, ఉల్లిపాయ. ఏది నొక్కాలని అడిగింది. మేనేజరు నుదురు పట్టుకుని, ఏదో ఒకటి నొక్కమని చెయ్యి ఊపాడు.

"ఇవాళ అన్నిట్లోకీ ఏది ఖరీదమ్మాయ్?" అంది వంటపెద్ద.

"ఉల్లిపాయలు ఆంటీ. మండిపోతున్నాయి."

"అయితే అదే నొక్కు. తక్కువకి కొట్టేసుకు పోయిందన్న మాట నాకొద్దు."

మిషన్ గుర్రుమని ఒక చీటీ కక్కింది. కాటా పిల్ల దాన్ని అలవాటు చొప్పున ఎడమబూటు అడుగున అంటించేసింది.

బిల్లు కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి బూట్లని చూడగానే లేచి నిలబడింది.

"ఇవి మీవేనా ఆంటీ? ఎవరో ఒకావిడ వస్తుందని ఒక పెద్దమ్మ చెప్పిందండీ," అంది.

పోయిన వారం, ఉచితం బోర్డు ఉన్న రోజుల్లో, జుట్టు నెరిసిన ఒకావిడ రెండు నంబర్లలో రెండు జతలకి బిల్లు కట్టిందట. బయటికి పోకుండా ఆ పక్క బెంచీ మీదే కూర్చుని ప్లాస్టిక్ తాళ్ళు పళ్ళతో తెంపి, ఒక్కోదానిలోంచి ఒక్కో బూటు తొడుక్కుని, మిగిలిన రెండింటినీ ఒక పెట్టెలో పెట్టి ఈ అమ్మాయికి అప్పగించిందట. వీటి మనిషి ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు, అంతవరకూ గోడ పక్కన పెట్టమని చెప్పిందట. అలాగే పెడితే, రాత్రి సర్దేవాళ్ళు పాడైన సరుకనుకుని గోదాముకి ఎత్తుకెళ్ళారట. ఆవిడ పేరు అడగలేదు గానీ, కుడికాలు పెద్దదని మాత్రం అమ్మాయికి బాగా గుర్తు.

వంటపెద్ద కౌంటరు మీదున్న బూట్లని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. తరవాత మేనేజరు వైపు తిరిగింది.

"అంటే డబ్బు కట్టిన సరుకునా బాబూ నువ్వు కోయించబోయింది?"

మేనేజరు ఉల్లిపాయల డబ్బు కట్టక్కర్లేదన్నాడు.

"కడతాను. నువ్వు మాత్రం ఆ బండిలో మిగిలినవి కొయ్యకుండా ఇక్కడ గంపలో పొయ్యి. కాటా ఎలాగూ ఉంది. ఎవరి కాళ్ళు ఎలా ఉన్నాయో నీకేం తెలుసు?"

మేనేజరు తలెత్తి పై అంతస్తు వైపు చూశాడు. గోదాము మనిషి మాత్రం జేబులో కత్తిని బయటి నుంచే ఒకసారి తడుముకుని, మెట్లెక్కి పైకి పోయాడు.

డబ్బు కట్టేసి వంటపెద్ద అక్కడే బూట్లు తొడుక్కుంది. కౌంటరు అమ్మాయికి ఒక కబురు అప్పజెప్పింది. ఆ పెద్దమ్మ మళ్ళీ వస్తే, ఆరెనిమిది వచ్చి పట్టుకుపోయిందని చెప్పాలి. ఫోను నంబరిస్తుంది, అది ఆవిడకివ్వాలి. ఇంకోసారి ఉచితం బోర్డు పెడితే ఒంటరిగా రావద్దని, సగం డబ్బు తను వేసుకుంటానందని చెప్పాలి. కోడలు ఏమీ అడక్కుండానే నంబరు చెప్పేసింది.

గేటు దగ్గర కాపలా ఆయన బిల్లు చదివాడు. ఉల్లిపాయలు అని ఉంది. సంచిలోకి తొంగి చూశాడు, ఉల్లిపాయ ఒక్కటీ లేదు. ఆమె కాళ్ళు చూశాడు. ఆమె ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఆయన బిల్లుకి చిల్లు పెట్టి ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున క్యాంటీన్ మేనేజరు వంటగది గుమ్మంలోనే ఆపాడు. నల్లబూట్లే. పీలికలున్నాయేమోనని కుడిబూటు విప్పించి తలకిందులు చేసి చూశాడు, ఏమీ రాలలేదు. ఎడమది కూడా చూపించమన్నాడు. అడుగున చీటీ ఇంకా అంటుకునే ఉంది. కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు.

"ఇదేంటమ్మా, ఉల్లిపాయలని ఉంది?"

"ఉల్లిపాయలే సార్. తాజావి," అంటూ ఆమె బూటు అందుకుని తొడుక్కుని, ఆయన పక్కనుంచి పొయ్యి దగ్గరికి నడిచి, కొక్కేనికి వేలాడుతున్న గరిటె తీసుకుంది.