మూడో నలుగు దగ్గర జారిపోయిన పాట

మునిలక్ష్మి ఫోన్లో ఏమేమి ఉండేవో చెప్పాలంటే ఒక పూట చాలదు. ఆకుల్ని కుట్టి గూడు కట్టుకొనే పిట్ట, గాజు రెక్కల సీతాకోకచిలుక, సముద్రం అడుగున దీపం పెట్టుకొని తిరిగే చేప, ఎక్కడో మంచుదేశంలో ముసలమ్మలు అల్లే మేజోళ్ళు. కనపడిన ప్రతి వింతనూ స్క్రీన్‌షాట్ తీసి దాచేది. అలా పదకొండు వేలు పోగయ్యాయి. పుంగనూరు బస్టాండు వెనక వీధిలో ఆమెది రవికలు కుట్టే అంగడి. కాలు మిషను తొక్కుతుంటే బొటనవేలు ఫోను తోస్తూ ఉండేది. రెంటికీ తీరిక లేదు.

అన్నీ దాచే మనిషి, దాచాల్సిన ఒక్కదాన్ని మాత్రం దాచలేకపోయింది. అదీ కథ.

మంగళవారం పొద్దున ఫోన్లో ఒక ముసలమ్మ కనపడింది. ముఖం సగమే ఉంది. చేతులెత్తి, తెరలో కనపడని ఎవరికో నలుగు పెడుతూ పాడుతోంది. మునిలక్ష్మి కాలు మిషను మీద ఆగిపోయింది. అది అమ్మ పాట! అమ్మ పోయాక ఆ నలుగు పాటను తనూ, కుప్పంలో ఉన్న అక్క నాగరత్నమ్మా తప్ప ఇంకెవరూ పాడగా ఆమె వినలేదు. ముసలమ్మ మొదటి నలుగు పాడింది, రెండోది పాడింది, మూడోదానికి గొంతెత్తింది.

"మూడో నలుగుకు ముత్యాల పీటమ్మ, ముంజేతి గాజులు మోగనీవమ్మ..."

"మునిలక్ష్మమ్మా, మా పాప జాకెట్టయిందా?" అంటూ ఎవరో వచ్చారు. ఫోను కింద పెట్టి, జాకెట్టిచ్చి, మళ్ళీ తీసుకునేసరికి తెర మీద దోసెలు పోస్తున్నారు. పాట పోయింది.

ఎందుకంత అల్లాడిందో చెప్పాలి కదా. తొమ్మిదేళ్ళ కిందట పలమనేరులో ఒక పెళ్ళిలో, నలుగు పీట దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ పాటే అందుకున్నారు. మూడో నలుగు చివర్లో అక్క ఒకటి పాడింది, చెల్లెలు ఇంకొకటి పాడింది. ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వారు. "అమ్మ పాటకు అతుకులేస్తాండావు నువ్వు" అంది మునిలక్ష్మి. "అతుకులేసేది నీ పని, నాది గాదు" అంది నాగరత్నమ్మ. అంతే, అప్పటినుంచీ మాటల్లేవు. ఇప్పుడు అక్క మనవరాలు జాహ్నవికి శుక్రవారం కుప్పంలో పెళ్ళి. పత్రిక పోస్టులో వచ్చింది, ఫోను మాత్రం రాలేదు. పోవాలా వద్దా అని వారంగా ఆమెకు నిద్ర సరిగా లేదు. ఆ ముసలమ్మ చివరి మాట ఒక్కటి దొరికితే చాలు. తనదే నిజమైతే తలెత్తుకొని పోతుంది. కాకపోతే, ఆ సంగతి ఆలోచించలేదు.

రెండు రోజులు ఫోను వదల్లేదు. 'నలుగు పాట' అని కొట్టింది, 'ముసలమ్మ పాట' అని కొట్టింది. పసుపు కొమ్ములొచ్చాయి, సినిమా పెళ్ళిళ్ళొచ్చాయి, ముసలి తాబేలొకటొచ్చింది. అంత ఆరాటంలోనూ తాబేలును దాచుకొంది, అలవాటు ఊరుకోదుగా. నిలబడుతుంది, కూర్చుంటుంది, అన్నం కలిపి తినకుండా లేస్తుంది. కాలు కాలిన పిల్లే.

పక్క గాజులంగడి భార్గవి చూసి చూసి అంది, "ఏందక్కా, రెండు దినాలుగా దాన్నట్ట రుద్దతాండావు? అరిగిపోతాది."

"ఒక ముసిలామె పాడిన పాట పోయింది పాపా. అగుపడ్డమే లేదు."

"ఎవురా ముసిలామె? పేరన్నా సూసినావా?"

"పేరు సూళ్ళేదు, ముఖమూ సరిగ్గా సూళ్ళేదు. చెయ్యెత్తింది, సంకకాడ..." అంటూనే మునిలక్ష్మి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

ముసలమ్మది ఆకుపచ్చ రవిక. చెయ్యెత్తినప్పుడు చంక కింద ఎర్రగుడ్డ ముక్క కనపడింది. పెద్దవాళ్ళ రవికకు చెయ్యి ఆడ్డానికి చంకలో ముక్క వేస్తారు, అది మామూలే. కానీ రవిక ఏ రంగుదైనా ఎర్రముక్కే వేసేవాడు ఆమె ఎరుకలో ఒక్కడే. తనకు కుట్టు నేర్పిన మదనపల్లె వెంకటరమణప్ప!

"ముఖం సూడకుండా సంక సూసినావా! నీకు బాగా దెలిసిందే సూసినావులే" అని భార్గవి పడీ పడీ నవ్వింది. అప్పటికే మునిలక్ష్మి అంగడి తలుపు దించేసింది. గురువారం అది. చేతిలో ఒక్క రోజుంది.

మదనపల్లెలో టమోటా లారీలు అడ్డం పడి బస్సు అరగంట నిలిచింది. ఆమె దిగి నడిచింది. వెంకటరమణప్పకు చూపు తగ్గింది, నాలుక తగ్గలేదు.

"ఏమ్మా, ఇన్నేండ్లకు దావ కనపడిందా? కాజాలు ఇప్పుడన్నా నేరుగా కుడతాండావా?"

"కుడతాండాలేప్పా. ఆకుపచ్చ రవిక, ఎర్రముక్క. నలుగు పాట పాడే ముసిలామె. ఎవురప్పా?"

"గంగులమ్మ. మీ అమ్మ పుట్టింటి పక్కూరే, నిమ్మనపల్లె కాడ. మనమరాలు సింధూజ ఆమె పాటలు ఫోన్లో పెడతాంటాది. అడిగింటే నేను ముందే సెప్పనా, యాల ఇంత తిరగలాట?"

నిమ్మనపల్లెకు ఆటోలో పోయింది. గంగులమ్మ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. సంగతంతా విని తల అడ్డంగా ఊపింది.

"నలుగు పాట ఉత్తపున్నానికి పాడకూడదమ్మా. మొన్న పాడింది సింధూజకి నలుగు పెడతా పాడినాను, అది ఫోన్లో పెడితే తిట్టి తీపిచ్చినాను. పీటేసుకో, కూసో. నీకు పెడతా పాడతాను."

మునిలక్ష్మి పాట పట్టుకొందామని ఫోను పక్కన పెట్టుకొని పీట మీద కూర్చుంది. గంగులమ్మ పెసరపిండి, పసుపు కలిపి తెచ్చి, ముందు ఆమె రెండు చేతులకూ మోచేతుల దాకా పట్టించి అప్పుడు గొంతెత్తింది. ఫోను అక్కడే జానెడు దూరంలో ఉంది. చేతులేమో పిండి ముద్దలు. "అవ్వా, ఒక్క నిమిషం" అన్నా ఆగదే! నలుగు మధ్యలో ఆపితే అరిష్టమట.

మూడో నలుగు వచ్చింది.

"...ముంజేతి గాజులు మోగనీవమ్మ. అక్క చేతికి నువ్వు అందియ్యి తొలిముద్ద, అక్క తిన్నాకనే నీ వంతు అమ్మా."

అక్క పాడిందే. అక్షరం తేడా లేదు.

"మామ కొడుకు మళ్ళి సూసేదాకా, అని గదా అవ్వా ఉండేది?" అంది మునిలక్ష్మి, ఇన్నేళ్ళూ తను పాడిన ముక్క చెబుతూ.

గంగులమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "అది గాజులోళ్ళ పాటలోది. సిన్నప్పుడు యాడో విని దీనికి అతికించుకొన్నట్టుండావు."

"ఇంకొకసారి పాడవ్వా, ఫోన్లో పట్టుకొంటాను."

"ఒక నలుగుకు ఒకసారే. పో, సేతులు కడుక్కో."

ఆ సాయంత్రం మునిలక్ష్మి పలమనేరు బస్సులో కూర్చుంటే గోళ్ళ సందుల్లో పసుపు ఇంకా ఉంది. ఫోన్లో పదకొండు వేల వింతలున్నాయి, ఈ పాట మాత్రం లేదు. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలీదు. పుంగనూరులో దిగిపోవచ్చు. బస్సు అక్కడ ఆగింది. ఆమె లేచింది, సంచీ తీసింది, మళ్ళీ కూర్చుంది. వెనక సీటామె, "దిగతావా, కూసుంటావా అమ్మా?" అని కసిరింది. బస్సు కదిలిపోయింది.

పలమనేరులో కుప్పం బస్సు ఎక్కాక ఇంక నిలవలేక ఫోను తీసి తొమ్మిదేళ్ళుగా నొక్కని నంబరు నొక్కింది.

"ఎవురూ?" అంది అక్క గొంతు. వెనక పెళ్ళింటి గోల.

బస్సు నిండా మనుషులు. కళ్ళు మూసుకొని మూడో నలుగు అందుకొంది. గాజులు దాటి, అక్క ముద్ద దాకా పోయి, అక్క వంతు తర్వాత తన వంతు చెప్పి ఆపింది. ముందు సీటు పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

అవతల పెళ్ళింటి గోల కొంచెం తగ్గాక అక్క అడిగింది.

"యాడుండావు?"

"పలమనేరులో. బస్సులో."

"తిన్న్యావా?"

"లేదు."

"ఉండు, స్పీకరులో పెడతాండాను. ఈడ అందరూ ఉండారు, పలమనేరులో నవ్వినోళ్ళు కూడా. అదే ముక్క మళ్ళా పాడు."

"నువ్వు మారవక్కా."

"యాల మారతాను? పాడు."

మునిలక్ష్మి చుట్టూ చూసింది. కండక్టరు టిక్కెట్లు ఆపి నిలబడ్డాడు. ఆమె గొంతు సవరించుకొని, ఈసారి కళ్ళు తెరిచే, గట్టిగా అందుకొంది.