ఎర్రచుక్క స్టార్టర్

మా ఆయన గోపీకృష్ణ చౌటుప్పల్‌లో బోరు మోటర్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేస్తాడు. రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తే పొలంలో మోటరు నడుస్తుంది. ఆ స్టార్టరు డబ్బాలోని ప్రోగ్రామ్‌ను ఇరవై ఏళ్లుగా సి అనే కంప్యూటర్ భాషలోనే రాస్తున్నాడు. పెళ్లినాటి ప్యాంటునైనా వదిలాడు గానీ సి ని వదల్లేదు. ప్యాంటు కూడా పట్టకపోబట్టి వదిలాడు.

మా అమ్మాయి సుహాసిని ఇంజనీరింగ్ అయ్యాక, రెండు నెలలు కూర్చుని అదే ప్రోగ్రామ్‌ను రస్ట్ అనే కొత్త భాషలో రాసి, ఒక డబ్బాలోకి ఎక్కించింది.

"బాపూ, నీ ప్రోగ్రామ్ మెమరీల ఒక జాగా ఖాళీ చేస్తది. మల్ల అండ్లనే చూస్తది. అప్పటికి అండ్ల వేరేది ఉంటది. గందుకే డబ్బా ఆగిపోతాంది. రస్ట్‌ల గట్ల రాస్తే ఒప్పుకోనే ఒప్పుకోదు."

"ఆగితే ఆఫ్ చేసి ఆన్ చేస్తే అయిపాయె. పెద్ద పెద్ద కంపెనీలే పూరా మారలే, మనకేం ఫికర్?"

"మారుతున్నయ్ బాపూ."

"అందరు మారినంక చెప్పు."

పిల్ల డబ్బా అలమారెక్కింది, పిల్ల మొహం మాడింది. నేను ఆ డబ్బాను దింపి, అడుగున నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టి, ఆయనకు తెలియకుండా మా ఇంటి బోరుకే బిగింపజేశాను. నలభై రోజులు ఒక్కసారీ ఆగలేదు. ఆ నీళ్లతోనే ఆయన రోజూ స్నానం చేశాడు.

అంతలో ఆత్మకూర్ నుంచి మా కురుమయ్యన్న పాడైన స్టార్టరు పట్టుకొచ్చాడు.

"చెల్లె, ఇది ఆగినప్పుడల్ల గొర్లను ఇడిసి పొలానికి ఉరుకుతున్న. నేనే ఉరికేదానికి గీ ఫోనెందుకు?"

మా ఆయన బయటికి పోయిన సమయం చూసి, మా బోరుకున్న ఎర్రచుక్క డబ్బా విప్పించి ఇచ్చాను.

"మా బిడ్డ చేసింది అన్నా. మీ బావకు చెప్పకు."

రెండు నెలల తర్వాత, మేం అన్నం తింటుండగా కురుమయ్యన్న ఫోన్ చేశాడు. మెచ్చుకోలని తెలియగానే మా ఆయన బిడ్డ వినాలని స్పీకర్ పెట్టాడు.

"బావా, ఒక్కపారి గూడ ఆగలే!"

"ఇన్నవా బిడ్డా? సి అంటే గట్లుంటది!"

సుహాసిని నవ్వు ఆపుకోలేక కంచంలోకి వంగింది.

"డబ్బా కింద ఎర్రచుక్క ఉన్నదేమో అడుగు," అన్నాను.

"ఉన్నది బావా. చెల్లె చెప్పొద్దన్నది."

ఆయన ముద్ద చేతిలోనే ఆగింది. "నా ఎనకంగ గిట్ల చేస్తవా?"

"ముందట చెప్తే ఇయ్యనిచ్చేటోనివా?"

ఆ పూట సగం కంచం వదిలి లేచాడు. మర్నాడు మాత్రం పిల్ల పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆయన రస్ట్‌లో రాసిన ప్రతిసారీ తెర మీద తప్పు చూపే ఎర్ర అక్షరాలే.

"ఏందే ఇది, ఏం రాసినా ఒద్దంటాంది!"

"ఆ జాగా వేరేదానికి ఇచ్చేసినవ్ బాపూ. మల్ల నాదే అంటే ఎట్ల?"

"అచ్చం మీ అమ్మనే." నా వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "రెండు డబ్బాలకే ఇది. తక్కినవన్నీ సి లనే."

అలాగే అన్నాను. ఎందుకైనా మంచిదని నెయిల్ పాలిష్ కొత్త సీసా తెప్పించాను.