తప్పిపోయిన ఎర్ర ఉన్ని బంతి

ఎర్ర ఉన్ని బంతి పోయిన రోజు డాక్టరమ్మ ముందు సొరుగులన్నీ వెతికింది, తర్వాత బల్ల కింద దూరింది, చివరికి నర్సు భోజనం డబ్బా మీద కూడా అనుమానపడింది.

"అందులో నా అన్నమే ఉంది మేడమ్. కావాలంటే కెలికి చూసుకోండి" అంది నర్సు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఎలా ఎదుగుతున్నారో చూడడం డాక్టరమ్మ పని. పసివాళ్ళ కళ్ళ ముందు ఆ బంతిని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తుంది. చూపు దాని వెంట వెళ్తే కాగితం మీద ఒక టిక్కు. అలాంటి టిక్కులన్నీ కలిసి పోయినేడు ఒక పెద్ద వైద్య పత్రికలో వ్యాసమై అచ్చయ్యాయి. అందులో బంతి రంగు ఉంది, కొలత ఉంది. అల్లినవాళ్ళ ఊసు లేదు.

అల్లింది డాక్టరమ్మ వాళ్ళ అక్క. వ్యాసం చదివి, "బంతి చుట్టుకొలతకి చోటు దొరికింది గానీ నా పేరుకి దొరకలేదేంటే?" అంది.

"రెండో వ్యాసంలో రాస్తాలే అక్కా."

ఆ చలికాలం దాటకుండానే అక్క పోయింది. రెండో వ్యాసం పూర్తయింది గానీ, కృతజ్ఞతలు చెప్పాల్సిన చోట డాక్టరమ్మ పెన్ను కదలడం లేదు.

"వీధి చివర కొట్లో ఇలాంటివి బోలెడున్నాయి, కొనుక్కొచ్చేదా?" అంది నర్సు.

"వద్దు. వాటి కొలత వేరు."

కొలత ఒకటే అయినా వద్దనేదే.

ఇంతలో తొందరబాబు వాళ్ళ నానమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాడు. రెండున్నర నెలలు ముందే ఊడిపడ్డాడని వార్డంతా కలిసి పెట్టిన పేరది. నిన్న మాటల పరీక్షకని వచ్చి, గదంతా చిందరవందర చేసి, నోరు మాత్రం విప్పకుండా వెళ్ళాడు. అందుకే ఇవాళ మళ్ళీ రమ్మన్నారు.

నానమ్మకి వాడి చీటీతో పాత తగువుంది. దాని మీద పుట్టిన వయసు, సరిచేసిన వయసు అని రెండుంటాయి.

"మావాడు ఏం తప్పు చేశాడమ్మా, వయసు సరిచేశారు?"

"తప్పేం లేదండీ. ముందొచ్చాడు కదా, ఆ నెలలు తీసేసి చూస్తాం. లేకపోతే ఊరికే వెనకబడ్డాడని అనుకుంటాం."

"అయితే నాకూ తీసెయ్యండి. నేనూ ఏడో నెలలోనే పుట్టా."

"రెండు నెలలు తీస్తే ఏమొస్తుంది పెద్దమ్మా?" అంది నర్సు.

"ఏదో, వచ్చినంత."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిన నవ్వేమో, సగంలో దగ్గుగా మారింది.

తొందరబాబు ఎదురు కుర్చీ ఎక్కి, జేబులో చెయ్యి పెట్టి, ఎర్ర బంతి బయటికి తీశాడు. ఒక కొస ఊడి వేలాడుతోంది. అది రాత్రంతా నోట్లో నానినట్టుంది.

"ఓరి దొంగవెధవా" అంది నానమ్మ, కాస్త మురిపెంగానే.

డాక్టరమ్మ చెయ్యి చాపింది. వాడు ఇవ్వలేదు. బంతిని ఆవిడ ముఖానికెదురుగా పట్టుకుని, పెద్దమనిషిలా ముఖం పెట్టి, "తూడు" అన్నాడు. ఆవిడ వాడికి వందసార్లు చెప్పిన మాటే.

ఆవిడ చూసింది. వాడు బంతిని మెల్లగా ఎడమకి జరిపాడు, తర్వాత కుడికి. ఎరుపు మధ్యలో కాస్త మసకబారింది. అయినా ఆవిడ చూపు దాని వెంటే వెళ్ళింది.

"టిక్కు పెట్టేదా మేడమ్?" నర్సు పెన్ను తీసింది.

"ముందు డాక్టరమ్మ వయసు సరిచెయ్యండి" అంది నానమ్మ.

"మాట్లాడాడుగా, వాడికి పెట్టు" అంది డాక్టరమ్మ.

బిస్కట్టు ఇస్తే గానీ వాడు బంతి వదల్లేదు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ దాన్ని తడిగానే సొరుగులో పెట్టి, వ్యాసం చివరి పేజీ తీసి అక్క పేరు రాసింది.

పోయినవాళ్ళ పేరుకి ముందు ఇంకో మాట రాయాలి. అది ఇంకా రాయలేదు.